చోయ్ అనకూడని దారి

కష్కా వీపు మీద మనిషి ఉండగా మా ఇంట్లో ఎవరూ టీ మాట ఎత్తరు.

మా భాషలో టీని చోయ్ అంటాం. గుర్రాన్ని ఉరికించాలంటే చో అంటాం. మిగతా గుర్రాలకు ఈ రెండింటి తేడా తెలుసు. కష్కాకు తెలియదు. దాన్ని నా తమ్ముడు యోర్మత్ కుప్‌కారి కోసం పెంచాడు. వంద మంది గుర్రాల మీద చేరి ఒక్క మేక కళేబరాన్ని ఒకరి దగ్గర్నుంచి ఒకరు లాక్కునే ఆట అది. ఆ గోలలో రౌతు నోట చో అన్న శబ్దం సగం వినబడినా చాలు, ముందుకు దూకాలి. యోర్మత్ దానికి అలా నేర్పాడు. వాడి మోకాలు విరిగాక గుర్రం నాకొచ్చింది. అప్పటికే దానికి పన్నెండేళ్ళు. కరవదు, బెదరదు, కొత్తవాళ్ళు ఎక్కితే కదలకుండా నిలబడుతుంది. ఆ ఒక్క మాట తప్ప దానిలో వంక లేదు.

నేను కొండ కింది రోడ్డు దగ్గర అతిథులను ఎక్కించుకుని పైన నా స్నేహితుడు ఓచిల్ ద్రాక్షతోటకు తీసుకెళ్తాను. అక్కడ తింటారు, ఓచిల్ జాడీల్లోని వైన్ రుచి చూస్తారు, సాయంత్రానికి దింపేస్తాను. పదకొండేళ్ళుగా ఇదే పని.

ఆ రోజు ద్రాక్ష కోతల చివరి వారం. వచ్చింది జపాన్ నుంచి ఒకావిడ, సుమియె. అరవై దాటి ఉంటుంది. చిన్న మనిషి, పక్షిలా తేలిక. పోస్టాఫీసులో పనిచేసి మానేసిందట. వెంట తాష్కెంట్ నుంచి సానోబర్ అనే అమ్మాయి వచ్చింది, మా మాట ఆమెకు, ఆమె మాట మాకు చెప్పడానికి. అతిథులను ఎప్పుడూ ఎక్కించే ఎర్ర గుర్రానికి గిట్ట పగిలింది. అందుకని కష్కా మీద ఎక్కించాను.

"తాతా, గుర్రం గురించి తెలుసుకోవలసింది ఏమైనా ఉందా అని అడుగుతోంది" అంది సానోబర్.

"లేదు. కూర్చోమను."

నేను అన్నది అంతే.

పైకి వెళ్ళేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. సుమియె నడుం నిటారుగా పెట్టి కూర్చుంది. కొండ మధ్యలో గొంతు అని ఒక చోటు ఉంది. ఎడమ వైపు నిలువు రాయి, కుడి వైపు నాలుగు పాప్లార్ చెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత లోతున వాగు. దారి వెడల్పు గుర్రం పక్కన ఒక మనిషి ఒదిగేంత, పొడవు అరవై అడుగులు. అక్కడ అందరినీ దింపి నడిపిస్తాను. అలాగే దింపాను, దాటాక ఎక్కించాను. పగ్గం నా చేతిలోనే ఉంచుకున్నాను. పగ్గం వదలమని ఆవిడ చేత్తో సైగ చేసింది. బాగానే కూర్చుంది కదా అని వదిలేశాను.

ఓచిల్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. వాడు ఈ కొండ మీద అరిస్తే అవతలి కొండ మీద మేకలు తలెత్తుతాయి.

"రారా మూగోడా! అతిథుల్ని తెచ్చావు సరే, నాలుగు మాటలైనా తెచ్చావా? ఏమ్మా అమ్మాయ్, వీడు దారిలో ఏమైనా మాట్లాడాడా? పెళ్ళిలో ముల్లా ముందు ఊఁ అన్నాడు, అదే ఆఖరు. రండి రండి, దిగండి, చోయ్..."

కష్కా ఒక్క దూకు దూకింది. సుమియె టోపీ ఎగిరి పుచ్చకాయల మీద పడింది. ఆవిడ మాత్రం జూలు పట్టుకుని పడకుండా నిలదొక్కుకుంది. ఓచిల్ తన చెంప తానే వాయించుకున్నాడు. "నా నోరు పడిపోనూ! నా నోట్లో మన్నుకొట్ట!" వాడి భార్య హలిమా లోపలి నుంచి గిన్నె పట్టుకుని నవ్వుతూ వచ్చింది. "ఇంకా నయం, గోడ దూకలేదు" అంది.

నేను సుమియెను దింపి గుర్రాన్ని కట్టేశాక "ఏమైంది?" అని సానోబర్ అడిగింది.

"ఏం లేదమ్మా" అన్నాడు ఓచిల్. "ఈ గుర్రానికి చోయ్ అంటే ప్రాణం. పేరు వింటే చాలు, ఎక్కడ పోస్తున్నారో అని ఉరుకుతుంది."

సానోబర్ అదే చెప్పింది. సుమియె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, కష్కా మెడ నిమిరింది. నేను వంగి జీను పట్టీ సవరిస్తున్నాను. అసలు సంగతి చెప్పడానికి రెండు ముక్కలు చాలు. చెప్పలేదు. ఆ రెండు ముక్కలే ఇప్పటికీ నన్ను తింటున్నాయి.

మల్బరీ చెట్టు కింద పరిచారు. తందూరి గోతిలో కొండ దేవదారు కొమ్మలు వేసి వేలాడదీసిన గొర్రె మాంసం, వేడి రొట్టెలు, ఉల్లిపాయ, వడగట్టిన పెరుగు, అక్రోట్లు. ఓచిల్ మూడు జాడీల మట్టి తవ్వించాడు. మొదటిది నిరుటిది, పుల్లగా ఉంది. రెండోది మూడేళ్ళది. మూడోది ముసల్లస్. ద్రాక్షరసాన్ని మూడో వంతు మిగిలేదాకా మరగకాచి పాతిపెట్టింది. తియ్యగా, తేలిగ్గా దిగుతుంది. కాళ్ళ మీదికి ఎప్పుడు వచ్చిందో లేచి నిలబడ్డప్పుడే తెలుస్తుంది.

అక్కడ ఒక తమాషా జరిగింది. మా దగ్గర అతిథికి గిన్నె నిండా పోయరు. నిండా పోస్తే ఇక లేచి వెళ్ళమని అర్థం. కొంచెం పోసి, తాగగానే మళ్ళీ కొంచెం పోయడమే మర్యాద. వాళ్ళ దేశంలో ఎదుటివాడి గిన్నె ఖాళీగా ఉండనివ్వకూడదట, ఎదుటివాడు పోస్తే కాదనకూడదట. ఓచిల్ ఆమెకు పోశాడు. ఆమె తాగి, జాడీ రెండు చేతులా పట్టుకుని ఓచిల్‌కు పోసింది. ఓచిల్ తాగి ఆమెకు పోశాడు. ఒకరికొకరు తలలు వంచుకుంటూ, ఒకరిని ఒకరు ఆపలేక, మర్యాద మీద మర్యాదగా జాడీ సగం చేశారు.

"ఇక ఆపండి, కోడిపుంజుల్లా ఏంటా పోటీ" అంది హలిమా.

"ఆమె పోస్తుంటే వద్దంటానటే? నన్ను గాడిద అనుకోదూ?"

"ఇప్పుడేమనుకుంటోందో!"

నేను చూస్తూనే ఉన్నాను. 

మధ్యాహ్నం వాలాక పై కొండ నుంచి గాలి మొదలైంది. ఆ గాలి వస్తే గొంతులో రాళ్ళు జారతాయి. లేచాను. టీ కోసం పెట్టిన సమోవర్‌లో నీళ్ళు ఇంకా బుసకొట్టడం మొదలుపెట్టలేదు.

"ఒరేయ్, కూర్చో. చివరి గిన్నె పడకుండా అతిథి గడప దాటితే నేను మీసం గొరిగించుకోవాలి" అన్నాడు ఓచిల్.

"గాలి" అన్నాను.

సుమియెను ఎక్కించాను. ఆమె బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. జీను మీద కొంచెం పక్కకు వాలి, మళ్ళీ సర్దుకుంది. ఓచిల్ ఇంకేదో అనబోయి, కష్కా మీద మనిషి ఉందని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. గిన్నె ఎత్తి తాగినట్టు సైగ చేసి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు పెట్టుకున్నంత పని చేశాడు. నేను బోజ్ ఎక్కాను. బోజ్ నా బూడిద గుర్రం.

పగ్గం ఈసారి నా జీనుకు కట్టాలని అనుకున్నాను. కట్టలేదు. కడితే ఎందుకని అడుగుతుంది, సానోబర్ నా వంక చూస్తుంది, నేను చెప్పాలి. దారి గొంతు దాకా వెడల్పే కదా అనుకున్నాను. సుమియె ముందు, నేను వెనక, నా వెనక సానోబర్. అరగంట అలా దిగాం. గొంతుకు ఇంకా రెండు వందల అడుగులు ఉందనగా, ముందుకు వెళ్ళి దింపుదామని బోజ్ కళ్ళెం సవరించాను.

అప్పుడే పొదలోంచి కౌజుల గుంపు ఒకటి తటాలున లేచింది. కష్కా పక్కకు ఒక అడుగు వేసింది. అంతకంటే ఏమీ చెయ్యలేదు. దాని మానాన దాన్ని వదిలితే నిలబడేది. కానీ సుమియె అరిచింది.

"చోత్తో!"

కష్కా చెవులు వెనక్కి పడ్డాయి. ఉరికింది.

"చోత్తో! చోత్తో మాత్తె!"

ఈ మాట ఈవిడకు ఎవరు నేర్పారు అనుకున్నాను. మత్తులో ఉరికిస్తోంది అనుకున్నాను. బోజ్‌ను అదిలించి వెంటపడ్డాను. అది రెండో తప్పు. వెనక గిట్టల చప్పుడు వింటే కుప్‌కారి గుర్రం ఇంకా ఉరుకుతుంది, మేకను లాక్కోవడానికి ఎవరో వస్తున్నారని. అది తెలిసి కూడా వెంటపడ్డాను. నాలుగు దూకుల తర్వాత బుర్ర పనిచేసి బోజ్‌ను ఆపి కిందికి దూకాను.  ఎదురుగా గొంతు నోరు తెరుచుకుని ఉంది. ఆవిడ జూలుకు వేలాడుతూ అరుస్తూనే ఉంది. అరిచినప్పుడల్లా గుర్రం వడి పెరుగుతోంది.

"ఏమంటోంది?" అని కేకేశాను. నా కేక నాకే కొత్తగా వినిపించింది.

సానోబర్ ముఖం సున్నం కొట్టినట్టుంది. "ఆగు అంటోంది తాతా! వాళ్ళ భాషలో ఆగు అని!"

"దానికది ఉరుకు అని! చో అంటే ఉరుకు! నోరు మూసుకోమను!"

"పెద్దావిడ తాతా, అలా ఎలా..."

"చచ్చిపోతుంది!"

సానోబర్ రెండు చేతులూ నోటి దగ్గర దొన్నెలా పెట్టుకుని, వాళ్ళ భాషలో కొంచెం నిశ్శబ్దంగా ఉండండి అని అరిచింది. వాళ్ళలో మర్యాదగా ఏది అడగాలన్నా ముందు కొంచెం అనాలట. ఆ కొంచెం అన్న మాట కూడా ఆ పాడు చోత్తోయేనట. రాయికి తగిలి ఆమె అరుపు రెండింతలై వెళ్ళింది. కష్కా గొంతులోకి దూరిపోయింది.

సానోబర్ తన నోటిని తానే గట్టిగా మూసుకుంది. తర్వాత చెయ్యి తీసి, ఇంకో మాట అరిచింది. "దామాత్తె!" నోర్ముయ్ అని. తల్లి వయసు మనిషిని అలా అన్నందుకు తర్వాత ఆమె నేలకు నుదురు ఆనించి క్షమించమంది. కానీ ఆ మాటకు అరుపు ఆగింది.

అరుపు ఆగింది. గాలి మాత్రమే ఉంది. గిట్టల చప్పుడు నెమ్మదించి, తెగిపోయింది.

పడిపోయారా, నిలబడ్డారా?

గొంతు నోటి దగ్గరికి వెళ్ళి తొంగి చూడడానికి నాకు ధైర్యం చాల్లేదు. ముందు వాగు వైపు చూశాను. నీళ్ళలో ఏమీ లేదు. అప్పుడు తల తిప్పాను. ముప్ఫై అడుగుల అవతల, దారి మధ్యలో, కష్కా నిలబడి ఉంది. దాని పిరుదులు నా వైపు ఉన్నాయి. ఎడమ వెనక గిట్ట అంచు మీద ఉంది, దాని కిందనుంచి మట్టి సన్నగా రాలుతోంది. పైన సుమియె జూలులో ముఖం పెట్టుకుని పడుకుని ఉంది.

వెనక నుంచి చప్పుడు లేకుండా వెళ్తే కష్కా తన్నుతుంది. ఆటలో పెరిగిన ఏ గుర్రమైనా తన్నుతుంది. అక్కడ అది కాలు లేపితే రెండో కాలు నిలవదు. మాట్లాడుతూ వెళ్ళాలి, ఎక్కడున్నానో దానికి తెలియాలి. ముప్ఫై అడుగులు. నేను ఒక వారంలో మాట్లాడేన్ని మాటలు కావాలి. వాటిలో ఆ శబ్దం ఒక్కటి రాకూడదు.

"కష్కా" అన్నాను. "నేనేరా. నార్మత్‌ని."

దాని చెవి ఒకటి నా వైపు తిరిగింది.

ఏం మాట్లాడాలి? ఏదీ తోచలేదు.  "ఇవాళ మాంసం బాగుంది" అన్నాను. ఒక అడుగు. "రొట్టె తిన్నాం. ఉల్లిపాయ తిన్నాం. అక్రోట్లు తిన్నాం. నీకు పుచ్చకాయ తొక్కలు పెట్టారు కదూ. ఇంటికెళ్దాం. మా ఆవిడ సలోమత్ తిడుతుంది, ఆలస్యమైందని. నిన్నూ తిడుతుంది, నన్నూ తిడుతుంది. కాళ్ళు కడుక్కుని వరండాలో కూర్చుని, వేడివేడిగా ఒక..."

నోట్లోంచి చో దాకా వచ్చింది. పళ్ళ మధ్య పట్టుకున్నాను. నాలుక తెగి ఉప్పగా రక్తం తగిలింది. మా ఊళ్ళో ఏ మాట మొదలుపెట్టినా అక్కడికే పోతుంది. పెళ్ళైనా, చావైనా, వానైనా, చివరికి ఆ గిన్నె దగ్గరికే.

"పెరుగు" అన్నాను. "వేడివేడిగా పెరుగు."

సానోబర్ వెనక ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

తోక దగ్గరికి చేరాను. రాయికీ గుర్రానికీ మధ్య నా ఒళ్ళు పట్టేంత సందు మాత్రమే ఉంది. నేను దూరితే అది జరుగుతుంది. జరిగితే అవతలికే జరగాలి. అరచేయి దాని పిరుదు మీద పెట్టాను. ఒళ్ళంతా తడి. వణుకుతోంది.  "యోర్మత్ నిన్ను కొన్నప్పుడు నువ్వు నా భుజం కరిచావు" అన్నాను. "గుర్తుందా? దొంగ. నేను ఎవరికీ చెప్పలేదు." పక్కవాటుగా దూరాను. రాయి నా వీపు గీరింది. సుమియె పాదం తగిలింది. బూటు పట్టుకున్నాను. ఆవిడ తల ఎత్తి చూసింది. కళ్ళు తప్ప ముఖంలో ఏమీ లేదు. పెదవుల మీద వేలు పెట్టి చూపించాను. తల ఆడించింది.

ఇంకో రెండు అడుగులు వేస్తే కళ్ళెం అందుతుంది.

అప్పుడు గాడిద గంట వినిపించింది.

పైనుంచి, మేం దిగివచ్చిన దారిన. ఆ గంట ఎవరిదో నాకు తెలుసు. ఎందుకొస్తున్నాడో కూడా తెలుసు. పుచ్చకాయల మీద పడ్డ టోపీ అక్కడే మరిచిపోయాం. టోపీ ఒక సాకు. వాడి ఇంటి నుంచి అతిథి చివరి గిన్నె తాగకుండా వచ్చేసింది. ఫ్లాస్కులో పోసుకుని తెస్తున్నాడు. కొండ మలుపు తిరిగి సానోబర్ కనబడగానే వాడు అరుస్తాడు. మొదటి మాట ఏమిటో దేవుడికీ నాకూ తెలుసు.

నేను అరవలేను. అరిస్తే గుర్రం పోతుంది. కళ్ళెం అందుకునే వ్యవధి లేదు. సానోబర్ వైపు చూసి నోరు మూసి చూపించాను. ఆ పిల్లకు అర్థమైంది. రెండు గుర్రాలనూ వదిలేసి పైకి పరిగెత్తింది, చేతులు ఊపుతూ, మాట లేకుండా. ఓచిల్‌కు చూపు తక్కువ, దూరం నుంచి మనిషి కనబడుతుంది కానీ సైగ కనబడదు.

నేను సుమియె నడుం పట్టుకున్నాను. రెండు చేతులా. నా అంత ముసలాడు పరాయి ఆడదాని నడుం పట్టుకోకూడదు. పట్టుకున్నాను. జూలు వదలమని ఆమె వేళ్ళ మీద గడ్డంతో పొడిచాను. వదల్లేదు. మళ్ళీ పొడిచాను.

"ఏయ్ అమ్మాయ్!" ఓచిల్ గొంతు కొండంతా నిండింది. ఆవిడ వేళ్ళు విడిచింది. "చోయ్ తాగకుండా పోతారా!"

లాగాను.

ఆవిడ నా మీద పడింది, నేను రాయి మీద పడ్డాను. కష్కా మా పక్కనుంచి బాణంలా వెళ్ళింది. దాని వెనక గిట్ట కింద అంచు విరిగింది. వెనక భాగం మొత్తం కిందికి జారింది. ముందు కాళ్ళు రాయిని గోకాయి. ఒక్క క్షణం దాని కళ్ళు నన్ను చూశాయి. నా దగ్గర ఉన్నది ఒక్క మాటే.

"చో!" అని అరిచాను. "చో కష్కా! చో!"

ఆ మాట వింటే అది ఎక్కడున్నా దూకుతుంది. ముక్కుతూ, మూలుగుతూ, పొట్ట రాయికి రాసుకుంటూ పైకి దూకింది. గొంతు అవతలికి పోయింది. మట్టిపెళ్ళలు వాగులో పడ్డ చప్పుడు చాలాసేపటికి వినిపించింది.

మేం పాకుతూ అవతలి వైపుకు చేరాం. సుమియె నా చొక్కా చేయి వదల్లేదు. గడ్డి మీద కూర్చున్నాక వదిలింది. కష్కా కాస్త దూరంలో నిలబడి ఉంది. పొట్ట మీద చర్మం లేచింది. చెవులు మా వైపే ఉన్నాయి.

సానోబర్, ఓచిల్ నడిచి వచ్చారు. దారిలో సంగతి విన్నట్టున్నాడు, ఓచిల్ ముఖం ముడుచుకుపోయింది. చంకలో టోపీ, చేతిలో ఫ్లాస్కు. అంత గొంతున్నవాడు గుసగుసగా అడిగాడు.

"బతికే ఉన్నావురా?"

తల ఊపాను.

సానోబర్ మోకాళ్ళ మీద కూర్చుని, ముందు క్షమించమని నుదురు ఆనించి, తర్వాత సుమియెకు అంతా చెప్పింది. ఏ మాట ఏమిటో. ఆవిడ విన్నది. విన్నాక ఆమె ముఖంలో ఉన్న కాస్త రంగు కూడా పోయింది. ఆగమని అడిగిన ప్రతిసారీ తానే తరిమిందని అప్పుడు తెలిసింది. వాగు వైపు చూసి ఏదో అంది. కోపంగా కాదు.

"ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతోంది తాతా" అంది సానోబర్.

 పొద్దున ఆవిడ అడిగిందే అది. తల దించుకున్నాను.

ఓచిల్ ఫ్లాస్కు మూత తిప్పాడు. కష్కా వైపు ఒకసారి చూశాడు. వీపు మీద ఎవరూ లేరు, అయినా నోరు తెరవలేదు. గిన్నెలో కొంచెం పోసి రెండు చేతులా సుమియెకు అందించాడు. ఆమె తాగి గిన్నె నాకిచ్చింది. నేను పట్టుకుంటే సగం మోకాళ్ళ మీద ఒలికింది. రెండోసారి ఆమే నా చేతుల కింద చేతులు పెట్టి పట్టుకుంది. నలుగురం ఒకే గిన్నెతో తాగాం. తాగుతున్నదాని పేరు ఎవరూ అనలేదు.

ఆ తర్వాత ఎవరు వచ్చినా, ఎక్కక ముందే నిలబెట్టి ఆ రెండు మాటలూ చెబుతున్నాను. మీ భాషలో ఆగు అనడానికి ఏమంటారు అని అడుగుతున్నాను. రెండోసారి చెప్పించుకుంటున్నాను. మూగోడికి నోరొచ్చింది, ఇక మూయించలేం అని ఓచిల్ అందరికీ చెబుతుంటాడు. ఆపడానికి వేరే మాట, ఉరకడానికి వేరే మాట కష్కాకు నేర్పుదామని చలికాలమంతా చూశాను. ముసలిది, నేర్చుకోదు. ఇప్పుడు దాని మీద ఎవరినీ ఎక్కించను. వైన్ జాడీలు మాత్రం మోయిస్తాను.

అయినా గొంతు దాటేటప్పుడు దాని తల పక్కనే నడుస్తాను. చేతులు పైకి చాచి, దాని రెండు చెవులూ మూసి.